మా నాయన దాచిన పోస్టర్‌ను పాడు చేసినందుకు ఫిర్యాదు

తిరుపతి

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. గత నెల 9న మీ తిరుపతి బ్రాంచిలో ఒక పాత సినిమా పోస్టర్ ఇచ్చాను. 1984లో వచ్చిన రామ్సే సోదరుల హిందీ దెయ్యం సినిమా ‘పురానా మందిర్’ పోస్టర్ అది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, అద్దం వేసి ఫ్రేము కట్టమన్నాను. అంచులు కత్తిరించవద్దు, లామినేషన్ వద్దు, వెనక వైపు దేనికీ అతికించవద్దు అని చెప్పి, ఆ మూడు మాటలూ మీ రసీదు మీదే రాయించాను. 6,800 రూపాయలు ముందే కట్టాను. 27న వెళ్లి చూస్తే వద్దన్న మూడు పనులూ చేసి పెట్టారు.

నేను ఇచ్చినప్పుడు పోస్టర్ 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు ఉంది. ఇప్పుడు కొలిస్తే 28, 36. మీ దగ్గర రెడీగా ఉన్న ఫ్రేముకు సరిపోవాలని నాలుగు వైపులా కోసేశారు. కింద కోసిన భాగంలో చిన్న అక్షరాలతో శివకాశి ప్రెస్సు పేరు ఉండేది. దాని మీద అడ్డంగా అంటించిన పసుపు రంగు పేపరు ముక్క ఉండేది. హాలు పేరు, ‘నేడే చూడండి’, ఆటల టైములు దాని మీదే ఉన్నాయి. మీ కౌంటర్లో అబ్బాయి దాన్ని ‘మురికి పట్టీ’ అన్నాడు. ఆ పట్టీ అంటించింది మా నాయన.

ఆయన సినిమా హాలులో పోస్టర్లు అంటించేవాడు. సెకండ్ షో వదిలాక సైకిలుకు నిచ్చెన కట్టుకుని, హ్యాండిలుకు మైదా జిగురు బకెట్టు తగిలించుకుని ఊరంతా తిరిగేవాడు. ఏ పోస్టర్ ఎన్ని ఎక్కడ వేయాలో ముందే లెక్క రాసుకునేవాడు. ఈ పోస్టర్ వెనక పెన్సిలుతో ఆయన రాసిన లెక్క ఉంది: గాంధీ రోడ్డు 3, తాతయ్యగుంట 2, బస్టాండు 4, రేణిగుంట 5. ఆయన చేతి రాత మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఇప్పుడు ఆ వైపు మీ చెక్క బోర్డుకు అతుక్కుపోయి ఉంది.

మిగిలిపోయిన ఆ ఒక్క కాపీని ఆయన ఇంటికి తెచ్చింది నా కోసమే. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మొదటి రోజు భయపడి అమ్మ కొంగు వదల్లేదు. రెండో రోజు నుంచి రోజూ ట్రంకు పెట్టె తీసి చూసేవాణ్ణి. గంగ జాతరలో ముఖాలకు రంగులు పూసుకున్న వేషాలు చూస్తూ పెరిగినవాణ్ణి కదా, రంగులతో పుట్టే భయమంటే నాకు అప్పటికే ఇష్టం. అక్కడి నుంచే ఈ సినిమాల మీద ప్రేమ పెరిగింది. 1922 నాటి మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’, 1931లో బేలా లుగోసీ ‘డ్రాకులా’, అదే ఏడాది బోరిస్ కార్లాఫ్ ‘ఫ్రాంకెన్‌స్టైన్’, 1958లో క్రిస్టఫర్ లీ ‘డ్రాకులా’, అన్నీ వెతికి వెతికి చూశాను. సినిమా దొరకడానికి ముందు నాకు దొరికింది ఎప్పుడూ పోస్టరే.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, ఫోన్ చేసినప్పుడు మీ సూపర్‌వైజర్ ‘పాత పేపరే కదా సార్, ఇప్పుడు కొత్తదానిలా మెరుస్తోంది’ అన్నారు. ఈ పాత పేపర్ల విలువ మీ సంస్థకు తెలియాలి. 1932లో యూనివర్సల్ కంపెనీ ‘ది మమ్మీ’కి కరోలీ గ్రాస్ వేసిన పోస్టర్ 1997 వేలంలో 4,53,500 డాలర్లు పలికింది. 1927 నాటి ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ సినిమా అయితే ఈ రోజు ప్రపంచంలో ఎక్కడా లేదు. చివరి ప్రింటు స్టూడియో గోదాములో కాలిపోయింది. దాని పోస్టర్ ఒకటి మిగిలింది, 2014లో 4,78,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పట్లో పోస్టరంటే వారం రోజులు గోడ మీద ఉండి, దాని మీదే ఇంకోటి పడే సరుకు. ఎవరో ఒకరు దాచారు కాబట్టే ఈ నాలుగైనా మిగిలాయి. నా పోస్టర్‌కు అంత ధర రాదు, నేను దాన్ని అమ్మను కూడా. కానీ దాచినవాడు మా నాయన.

మీ బోర్డు మీద ‘పాత పోస్టర్ల సంరక్షణ’ అని పెద్ద అక్షరాలతో రాశారు. లామినేషన్ సంరక్షణ కాదు. వేడితో కరిగిన జిగురు కాగితం పీచులోకి దిగిపోతుంది. ప్లాస్టిక్ ఊడదీస్తే పైనున్న రంగు కూడా దానితో లేచి వచ్చే ప్రమాదం ఉంది. వెనకున్న చెక్క బోర్డులోని ఆమ్లం కాలం గడిచేకొద్దీ కాగితాన్ని పసుపు చేసి పెళుసుబారుస్తుంది. మడత గీతల మీద మీవాళ్లు మార్కరుతో నల్ల రంగు కూడా దిద్దారు. పాత పోస్టర్లు హాళ్లకు మడత పెట్టే వచ్చేవి. ఆ గీతలు దాని వయసు, లోపం కాదు.

కాగితాన్ని కాపాడేవాళ్లు పాత పోస్టర్‌కు వెనక ఆసరా ఇవ్వాలంటే పలుచటి జపాన్ కాగితం, గోధుమ గంజితో చేసిన జిగురు వాడతారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తడి చేసి తీసేయవచ్చు. మా నాయన కూడా ‘మైదా అయితేనే మంచిదిరా, నీళ్లు కొడితే వచ్చేస్తాది’ అనేవాడు. ఆయన బకెట్టులో ఉన్న తెలివి మీ మెషీనులో లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

నేను కట్టిన 6,800 రూపాయలు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. పోస్టర్‌ను మీరు మళ్లీ ముట్టుకోవద్దు. కాగితాల పరిరక్షణలో శిక్షణ పొందిన నిపుణుడికి నేనే చూపిస్తాను. ఆ ఖర్చు, కనీసం వెనకున్న రాతను బయటికి తీయడానికి అయ్యే ఖర్చు, మీరు భరించాలి. లామినేషన్ చేసే బ్రాంచిలో ‘సంరక్షణ’ అన్న మాట తీసేయాలి. నాలా ఇంకొకరు ఆ మాట నమ్మి రాకూడదు. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నేను ఉండే చోటే కేసు వేయడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వీలు కల్పిస్తోంది. రసీదు, ఇచ్చే ముందు ముందువైపు తీసిన ఫొటోలు, ఇప్పటి ఫొటోలు దీనితో జత చేశాను. వెనక వైపు ఫొటో తీయాలని అప్పుడు తోచలేదు.

వీటన్నిటికంటే ముందు ఒక పని చేయండి. కోసేసిన ముక్కలు మీ వర్క్‌షాపు చెత్తలో ఇంకా ఉన్నాయేమో ఈ రోజే వెతికించండి. పసుపు పట్టీ చిరిగినా, నలిగినా ఫర్వాలేదు. ఒక కవరులో పెట్టి ఫోన్ చేయండి, నేనే వచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
ఆ పోస్టర్ యజమాని,
కొర్లగుంట, తిరుపతి