నాటకాలకు, నృత్యరూపకాలకు ఇకపై సీన్లతో మిక్సింగ్: మా కస్టమర్లకు వివరాలు

రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ, శిల్పకళావేదిక లాంటి చోట్ల ప్రదర్శనలకు మా దగ్గర సౌండ్ తీసుకునేవారికి ఈ సమాచారం. ఇకమీదట హెడ్‌సెట్ మైకులు ఆరు దాటిన ప్రతి నాటకానికీ మిక్సర్‌లో సీన్లు (ఏ మైకు తెరిచి ఉండాలి, ఏది ఎంత వాల్యూమ్‌లో ఉండాలి వంటి సెట్టింగులను కలిపి సేవ్ చేసినవి) ముందే కట్టి ఉంచుతాం. అందుకు కనీసం రెండు గంటల టెక్నికల్ రిహార్సల్ కావాలి. దాని ఛార్జీ బిల్లులో విడిగా ఉంటుంది. ఎందుకు తీసుకుంటున్నామో మీకు తెలియాలి.

తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ, ఈల (స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి చేరి వచ్చే కూత) రాకుండా పెంచగలిగే వాల్యూమ్ సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక్క మైకుతో పోలిస్తే ఎనిమిది తెరిచినప్పుడు 9 డెసిబెల్స్ పోయినట్టే. వేదిక మీద ఇద్దరే మాట్లాడుతుంటే వింగ్స్‌లో నిలబడ్డ ఆరుగురి మైకులు ఎందుకు తెరిచి ఉండాలి? పైగా ఒకే గొంతు రెండు మైకుల్లోకి కొద్ది తేడాతో చేరితే డొల్లగా వినిపిస్తుంది. మ్యూట్లు (మైకును మూసే బటన్లు) ఒక్కొక్కటిగా చేత్తో తీస్తూ పోతే పాత్ర ప్రవేశంలో మొదటి మాటే పోతుంది. సీన్ రీకాల్ చేస్తే, అంటే సేవ్ చేసినదాన్ని తిరిగి పిలిస్తే, మ్యూట్లు, ఫేడర్లు (వాల్యూమ్ జారుడు మీటలు) అన్నీ ఒకే నొక్కుతో మారతాయి. నాటకంలో ఒక రంగానికి ఒక సీన్ సరిపోదు. ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా మరో సీన్ కావాలి. బెరింగర్ ఎక్స్32 మిక్సర్‌లో 100 సీన్లు పడతాయి కాబట్టి చోటుకు కొరత లేదు.

అసలు జాగ్రత్త రీకాల్ సేఫ్ దగ్గర, అంటే సీన్ మారినా కొన్ని సెట్టింగులు మారకుండా కాపాడే ఏర్పాటు దగ్గర. మామూలుగా సేవ్ చేసిన సీన్‌లో గెయిన్ (మైకు సిగ్నల్‌ను మొదట పెంచే మోతాదు), ఈక్యూ (గొంతు బరువు, పదునుల సర్దుబాటు), మానిటర్ సెండ్లు (వేదిక మీది స్పీకర్లకు వెళ్లే శబ్దం) సహా దాదాపు మిక్సర్ మొత్తం ఉంటుంది. రిహార్సల్‌లో ఖాళీ హాలుకు పెట్టిన గెయిన్‌ను షోలో తగ్గించుకున్నాక తర్వాతి సీన్ పిలిస్తే పాత గెయిన్ తిరిగొస్తుంది, వెంటనే ఈల. అందుకే గెయిన్, 48 వోల్టుల ఫాంటమ్ (కొన్ని మైకులకు మిక్సర్ ఇచ్చే కరెంటు), ఈక్యూ, మానిటర్ సెండ్లు, ఎఫెక్టులు, మెయిన్ ఫేడర్ అన్నీ సేఫ్‌లో పెడతాం. వ్యాఖ్యాత మైకు ఛానెల్‌ను పూర్తిగా సేఫ్ చేస్తాం, ఏ సీన్ వచ్చినా అది మూగబోకూడదు. సీన్‌తో మారేవి మ్యూట్లు, ఫేడర్లు, డీసీఏ గ్రూపులు (ఒకే ఫేడర్‌తో పలు మైకుల వాల్యూమ్ నడిపేవి) మాత్రమే. ఈ ఒక్క క్రమశిక్షణ ఉంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

ఫేడ్ సంగతి. యమహా క్యూఎల్1 మిక్సర్‌లో ప్రతి సీన్‌కూ ఫేడ్ టైమ్ ఇవ్వొచ్చు, ఫేడర్లు తామే మెల్లగా కదులుతాయి. ఎక్స్32లో సీన్ మారితే ఫేడర్ ఒక్కసారిగా కొత్త చోటికి దూకుతుంది. సంగీతం మెల్లగా తగ్గాల్సిన నృత్యరూపకమైతే బుకింగ్‌లోనే చెప్పండి, క్యూఎల్1 కేటాయిస్తాం. ఫేడ్ ఉన్నచోట కూడా మ్యూట్ తక్షణం పడుతుంది. అందువల్ల సంగీతం ముగింపును మ్యూట్‌తో కాకుండా ఫేడర్‌ను కిందికి దించి సేవ్ చేస్తాం, 4 సెకన్లు బాగుంటుంది. సంభాషణ మైకులకు మాత్రం ఫేడ్ సున్నా. లేకపోతే మొదటి పదం మింగేస్తుంది.

పద్యనాటకాలు వేసేవారు తప్పక గమనించండి. టైమర్ మీద సీన్లు వాటంతటవే నడిచేలా పెట్టమని కొందరు అడుగుతున్నారు. పెట్టం. ప్రేక్షకులు "వన్స్ మోర్" అంటే నటుడు పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు, రాగం ఎంతసేపు సాగుతుందో ఆయనకే తెలియాలి. మా ఆపరేటర్ స్క్రిప్టు చూస్తూ "నెక్స్ట్" బటన్ నొక్కుతాడు. షో సమయంలో కన్ఫర్మ్ అడిగే పాప్-అప్ ఆఫ్‌లో ఉంటుంది, లేదంటే అక్కడే రెండో నొక్కు కావాలి.

శాస్త్రీయ సంగీత కచేరీకి ఇదంతా అనవసరం. సౌండ్ చెక్ తర్వాత ఒక్క సీన్ భద్రపరిచి మిగతాదంతా చెవితో, చేత్తో చేస్తాం, అదనపు ఛార్జీ లేదు. సంగీత్, పెళ్లి ఫంక్షన్లలో వరస చివరి నిమిషంలో మారుతుంది కనుక అక్కడ మ్యూట్ గ్రూపులే (కొన్ని మైకులను ఒకే బటన్‌తో మూసేవి) మేలు.

మీ నుంచి కావాల్సినవి: మూడు రోజుల ముందు స్క్రిప్టు, ప్రవేశ నిష్క్రమణలు గుర్తుపెట్టి. ఏ నటుడికి ఏ నంబరు మైకో ఒక కాగితం మీద. ఇద్దరు ఒకే మైకు మార్చుకుంటారా అన్నది కూడా రాయండి. ఎందుకంటే ఒకరి గొంతుకు తగ్గట్టు పెట్టిన ఈక్యూ సేఫ్‌లో ఉంటుంది, మైకు మరొకరికి మారినా సీన్ దాన్ని మార్చదు. వేరే సప్లయర్ దగ్గర చేయించిన సీన్ ఫైలు ఉంటే మిక్సర్ మోడల్ చెప్పండి. యమహా ఫైలు బెరింగర్‌లో తెరుచుకోదు. మైడాస్ ఎం32 ఫైలు ఎక్స్32లో పనిచేస్తుంది.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాసేపట్లో డిజిటల్ మిక్సర్ ఆగిపోతే మళ్లీ బూట్ అయ్యేదాకా నిశ్శబ్దమే. మిక్సర్, స్టేజ్ బాక్స్ (వేదిక దగ్గర మైకు తీగలు కలిపే పెట్టె), వైర్‌లెస్ రిసీవర్లు మా యూపీఎస్ మీద ఉంటాయి. ఆంప్లిఫయర్లు ఉండవు, అవి జనరేటర్ వచ్చాకే పలుకుతాయి. షో ఫైలు రెండు పెన్‌డ్రైవ్‌లలో సేవ్ చేస్తాం, ఒకటి మీకిస్తాం. అదే నాటకం అదే మోడల్ మిక్సర్‌తో మళ్లీ వేస్తే ఆ ఫైలుతోనే మొదలుపెట్టొచ్చు, రిహార్సల్ గంటలో అయిపోతుంది, దానికి సగం ఛార్జీ చాలు.