సుండా ఆచారాలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు

సంపాదక మహాశయా,

ఇండోనేషియాలోని పశ్చిమ జావాలో ఉండే సుండా ముస్లింల ఆచారాలను మనవాళ్లు చాలామంది ‘పైకి ఇస్లాం, లోపల పాత మతం’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అది తొందరపాటు. అక్కడి ఉలమాలు (ఇస్లాం మత పండితులు) వేడుకను గంపగుత్తగా తూచరు. దుఆ (ప్రార్థన) ఎవరికి చేస్తున్నారు, నమ్మకం దేనిమీద పెడుతున్నారు అని ఒక్కో పనినీ విడిగా అడుగుతారు.

తింగ్‌కెబన్‌నే చూడండి. మన సీమంతం లాంటిదే, ఏడో నెలలో చేస్తారు. ముందు ఖురాన్‌లోని యూసుఫ్, మర్యం సూరాలు (అధ్యాయాలు) చదివి దుఆ చేస్తారు. తర్వాత ఏడు రకాల పూలు వేసిన నీళ్లను ఏడుగురు దగ్గరివాళ్లు ఒకరి వెనుక ఒకరు గర్భిణికి పోస్తారు. ఏడుసార్లు బట్ట మారుస్తారు. కాన్పు సులువుగా జరగాలని మలుగుపామును (పాములా ఉండే జారుడు చేపను) ఆమె కడుపు మీదుగా జారవిడుస్తారు. భర్త పసుపుపచ్చ కొబ్బరికాయను పగలగొడతాడు. చివర్లో ఏడు రకాల పండ్ల ముక్కలకు కారం, పులుపు, తీపి పట్టించిన రుజాక్‌ను అమ్ముతారు. కొనేవాళ్లు ఇచ్చే డబ్బు పెంకు ముక్కలే!

పారాయణం, దుఆ, పదిమందికి భోజనం: వీటిని 1926లో ఏర్పడిన నహ్దతుల్ ఉలమా అనే ముస్లిం సంస్థ పండితులు సదఖాగా (దానంగా), మంచి ఆచారంగా ఒప్పుకుంటారు. 1923లో బాండుంగ్ నగరంలో పుట్టిన పర్సిస్ అనే మరో ముస్లిం సంస్థ ఒప్పుకోదు. ప్రవక్త నేర్పనిదాన్ని ఆరాధనగా చేస్తే బిద్‌అత్ (మతంలో లేని కొత్త కల్పన) అంటుంది. బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా (మేకను బలి ఇవ్వడం) ఉండనే ఉంది కదా అన్నది దాని వాదన: మగబిడ్డకు రెండు మేకలు, ఆడబిడ్డకు ఒకటి.

అసలు చిక్కు మలుగుపాము దగ్గర. వేడుకగా చేస్తే ఒక మాట. కాన్పును తేలిక చేసేది అదేనని నమ్మితే షిర్క్ (అల్లాకు సాటి కల్పించే పాపం) గడప తొక్కినట్టే. రుజాక్ రుచిని బట్టి ఆడో మగో చెప్పడమూ అంతే. ఆత్మలను మెప్పించడానికి పెట్టే సాజెన్ నైవేద్యం విషయంలోనైతే పై రెండు పక్షాలకూ పేచీ లేదు, రెండూ కాదంటాయి. మన పీర్ల పండుగ, దర్గా మొక్కుల మీద సాగే వాదాల్లోనూ ఇవే ప్రశ్నలు వినబడతాయి.

మరో పొరపాటు కూడా సరిదిద్దుకోవాలి. కునింగాన్ జిల్లా చిగుగూర్‌లో సుండా పంచాంగంలోని రాయాగుంగ్ నెల 22న జరిగే సెరెన్ తావున్ కోతల పండుగ సుండా వివితాన్ అనే సొంత మతం వారిది. దాన్ని ముస్లింల ఖాతాలో వేయడం ఇద్దరికీ అన్యాయం. తాసిక్‌మలయ జిల్లా కంపుంగ్ నాగా ఊరివాళ్లు మాత్రం ముస్లింలు. అక్కడి హజత్ సాసిహ్ అనే వేడుక ఏడాదికి ఆరుసార్లు, ఇస్లామీ నెలల లెక్కన జరుగుతుంది. మగవాళ్లు చివులాన్ నదిలో స్నానం చేసి, చీపుర్లు పట్టుకుని వెళ్లి పూర్వీకుల సమాధి ఊడ్చి వస్తారు. ఆ తర్వాత మసీదులో దుఆ ఉంటుంది.

– ఒక పాఠకుడు, కర్నూలు