నువ్వు మరిచిపోయిన కాగితాలు

చి. ల. సౌ. అమ్మాజీకి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ దగ్గర నుంచి ఫోను వచ్చి పందొమ్మిది రోజులైంది. అందుకని ఈ ఉత్తరం రాయడం లేదు. పెద్దత్తయ్య కొడుకు చేత మీ అమ్మ ఆవకాయ పంపిస్తోంది, జాడీని నిటారుగా పెట్టుకొమ్మని చెప్పడానికి రాస్తున్నాను. మొన్న వాడే వచ్చి, మీ కంపెనీ పైలట్ల కోసం నువ్వు రాసే శిక్షణ మాన్యువల్ పది రోజుల్లో తయారైపోయిందని, వేరే కంపెనీ పుస్తకంలో పేర్లు మార్చి నింపేశారని బేగంపేటలో చెప్పుకుంటున్నారని నవ్వుతూ అన్నాడు. వాడి మాటలు నేను పట్టించుకోను. బుజ్జి సంబంధం విషయంలో వాడు చెప్పినదేమైందో నీకు తెలుసు.

అయితే పండక్కి వచ్చినప్పుడు నువ్వు బీరువా మీద మరిచిపోయిన ఆ మాన్యువల్ కాగితాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆపరేషన్స్ మాన్యువల్‌లో నాలుగు భాగాలుంటాయని, శిక్షణది చివరి భాగమని నువ్వు చెప్పినది గుర్తుంది. నలభై ఒకటో పేజీలో, విమానం నేల మీద ఉండగా ఇంజనుకు నిప్పంటుకుంటే ద్వారాలు తెరవమని కెప్టెన్ క్యాబిన్ సిబ్బందిని ఆదేశించాలని ఉంది. తొమ్మిది మంది ఎక్కే మీ కింగ్ ఎయిర్ బి200 చిన్న విమానంలో క్యాబిన్ సిబ్బంది ఎక్కడున్నారమ్మా? ఎడమవైపు వెనకనున్న మెట్ల తలుపు తెరిచేదెవరు? కుడి రెక్క పక్కనున్న అత్యవసర ద్వారం దగ్గర కూర్చున్న పెద్దాయనకు దాన్ని ఎలా తెరవాలో ముందే చెప్పి ఉంచేదెవరు? ఆ పని కో-పైలట్‌దైతే, ఇంజన్లు ఆపే పనిలో అతని వంతు ముగిశాకే లేవాలా, ముందే లేవాలా? ఆ వాక్యం ఏదో పెద్ద విమానం పుస్తకంలోంచి వచ్చి కూర్చుందని బాయిలరు పనివాడినైన నాకే అనిపించింది.

రాత్రిళ్లు మేలుకుని రాస్తున్నావేమో. మజ్జిగన్నమైనా తిని పడుకో, ఆ హోటలు నూడుల్స్ మానెయ్యి.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. 1988 జనవరిలో, చెరకు సీజను మంచి ఊపు మీదున్నప్పుడు, రాత్రి మూడు దాటాక మా చక్కెర ఫ్యాక్టరీ బాయిలరు దగ్గరికి వెళ్లాను. సూరిబాబు పిప్పి గుట్ట పక్కన గోనెపట్టా మీద కునుకు తీస్తున్నాడు. లాగ్‌బుక్కులో నాలుగు గంటల రీడింగూ ఐదు గంటల రీడింగూ అప్పటికే రాసి ఉన్నాయి, ఒకే సిరాతో, ఒకే వాలుతో. బాయిలరులో నీళ్లెంతున్నాయో చూపించే గేజ్ గ్లాసులో నీళ్లు సగానికి కనిపిస్తున్నాయి. ఎందుకో అనుమానం వచ్చి, గ్లాసులో నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ తెరిచాను. గ్లాసులో ఉన్న నీళ్లు బుస్సున పోయాయి. మళ్లీ మూశాక పైకి రావలసిన నీళ్లు రాలేదు. కింది దారి మట్టి పేరుకుని పూడిపోయింది, అంతవరకూ మేము చూసినది పాత నీళ్లు. రెండో గ్లాసులో చూస్తే అడుగున వేలెడు కూడా లేవు. ఫ్యాన్లు ఆపించి, పిప్పి ఆపించి, ఒక్కొక్కటీ సరిచేసేసరికి తెల్లవారింది. ఏమీ జరగలేదు కాబట్టి సూరిబాబునే తిట్టి ఊరుకున్నాను. కానీ వాడి శిక్షణ కార్డులో "గేజ్ గ్లాసు పరీక్ష మూడుసార్లు చేశాడు" అన్న గడి పక్కన ఉన్న సంతకం నాది. నేను ఒక్కసారి చేసి చూపించాను, వాడు చూస్తూ నిలబడ్డాడు. వాడి చేత ఒక్కసారీ చేయించలేదు. ఈ మాట ఇంతవరకూ మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అందుకే నాకు ఆ పుస్తకం కన్నా దాని వెనక ఉండే, ఎవరు ఏ పరీక్ష చేశారో సంతకం పెట్టే గడుల మీదే దృష్టి పోతోంది. పైలట్ సామర్థ్య పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరగాలని, నాలుగు నెలల లోపల ఒకేలాంటివి రెండు జరిపించినంత మాత్రాన ఆ లెక్క తీరదని నువ్వు రాసిన చోట నాకు సంతోషమేసింది. లెక్క కోసం జరిపేవాళ్లను ఎరిగినవాళ్లెవరో పెట్టిన నియమమది. 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు బయలుదేరినదీ మీ బేగంపేట నుంచే కదా. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమస్యకు పుస్తకంలో జవాబు వెతుకుతూ సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా అందులోనే ఉండిపోయారని విచారణ నివేదిక చెప్పింది. ఒకరు పేజీలు తిప్పుతుంటే రెండోవారి కళ్లు ఎక్కడుండాలో నీ పుస్తకంలో ఉందా? ఉండే ఉంటుంది, నా దగ్గరున్న కాగితాల్లో ఆ పేజీ లేదు. దాన్ని రాసి వదలకుండా, మీ యజమాని సిమ్యులేటరు ఖర్చని గునిసినా సరే, ఒక్కొక్కరి చేతా చేయించి చూడాలి.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చేశాను. వాడు చెప్పినది అబద్ధమైతే అబద్ధమని ఒక్క మాట చెప్పు. నిజమైతే, పది రోజుల్లో కావాలని నీ నెత్తిన కూర్చున్నవాళ్లు ఎవరో చెప్పు, సంతకం పెట్టకుండా ఇంటికి వచ్చినా మీ అమ్మ వండిపెడుతుంది.

ఆ కాగితాలు కూడా జాడీతోనే పంపుతున్నాను. నూనె తగలకుండా రెండు కవర్లలో చుట్టాను. నలభై ఒకటో పేజీలో పెన్సిలుతో గీత గీశాను, అక్కర్లేదనుకుంటే చెరిపెయ్యి. రాత్రి ఎనిమిది తర్వాత ఫోను నా చేతిలోనే ఉంటుంది.

ఇట్లు,
మీ నాన్న