పెళ్లి వీడియోలో సినిమా పాట: ‘30 సెకన్ల’ నియమం చట్టంలో లేదు

సంపాదకులకు నమస్కారం.

సామాజిక మాధ్యమాల్లో సినిమా పాటలు, సన్నివేశాలు పెట్టడం గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఉపయోగకరంగానే ఉంది గానీ, ‘30 సెకన్ల లోపు బిట్టు వాడుకుంటే ఎవరూ ఏమీ అనలేరు’ అన్న ఒక్క వాక్యం కోసం ఈ లేఖ రాయవలసి వచ్చింది. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్న నాకు ఆ మాట కొత్త కాదు. పెళ్లి వీడియో చేయించుకునేందుకు వచ్చేవారిలో చాలామంది దాన్ని నాకే నేర్పబోతారు.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 30 సెకన్లే కాదు, 10 సెకన్ల లెక్క కూడా ఎక్కడా లేదు. 52వ సెక్షన్‌లో ఉన్నది అవసరం గురించిన మాట: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్త, వీటికి న్యాయమైన మేరకు వాడుకుంటే ఉల్లంఘన కాదని చెప్పారు. ఒక సన్నివేశంలో సంభాషణ ఎంత పొదుపుగా రాశారో విడమరచి చెబుతూ దాన్ని నిమిషం పాటు చూపినవారికి ఆ సెక్షన్ అండగా నిలవవచ్చు. తన పేజీకి జనాన్ని రప్పించుకోవడానికి హీరో ప్రవేశాన్ని 10 సెకన్లు పెట్టి ఊరుకున్నవారికి నిలవకపోవచ్చు.

మా వృత్తికి దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. గత మాఘమాసంలో నేను తీసిన ఒక పెళ్లి వీడియోను పెళ్లికూతురి తండ్రి ఒక సామాజిక మాధ్యమంలో పెట్టించారు. అందులో నేను కలిపిన సినిమా పాట ఒక్కటీ లేదు. అయినా ఊరేగింపులో సన్నాయి మేళం వారు వాయించిన సినిమా వరసను అక్కడి యంత్రం పసిగట్టి, ఆ భాగమంతా శబ్దం లేకుండా చేసింది. డోలు వాయించేవారి చేతులు కదులుతుంటాయి, చప్పుడు ఉండదు. తప్పు నాదేనని ఆయన మిగతా డబ్బుకు నన్ను నెల రోజులు తిప్పారు. అది వేరే కథ.

ఆ మేళం వారు చేసినదానిలో దోషం లేదు. పెళ్లి ఊరేగింపును, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలను కూడా మతపరమైన వేడుకలుగానే లెక్కించి, వాటిలో పాట పాడినా, వాయించినా, రికార్డు వేసినా ఉల్లంఘన కాదని అదే 52వ సెక్షన్ చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక ప్రకటన ద్వారా ఈ విషయాన్ని మళ్లీ గుర్తుచేసింది కూడా. అయితే ఆ మినహాయింపు ఇచ్చింది వేడుకలో వినిపించడానికి. దాన్ని చిత్రీకరించి లోకమంతా చూసేలా నెట్లో పెట్టడం వేరే పని, దానికి ఆ రక్షణ ఉందని అనుకోలేము. పందిట్లో ఒప్పయిన పాట ఫోన్లో తప్పెలా అవుతుందని అడిగే పెద్దలకు ఈ తేడా చెప్పడానికి నాకు అరగంట పడుతుంది. ఇంట్లో చూసుకునే వీడియోలో కూడా పాట కలిపి మేము డబ్బు తీసుకుంటున్నాము గనుక, అదంతా ‘సొంత వాడకం’ కిందికే వస్తుందని గట్టిగా వాదించే ధైర్యం నాకు లేదు.

పాత సినిమాలకు హక్కులు తీరిపోయాయనే మాటా సగమే నిజం. సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది కాబట్టి, 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు ఆ గడువు 2017తో ముగిసింది. కానీ పాటల సాహిత్యానికి విడిగా హక్కు ఉంటుంది, దాని లెక్క రచయిత మరణంతో మొదలవుతుంది. ఆ సినిమాకు పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో కన్నుమూశారు కనుక ఆయన రాసిన పాటల మాటలకు 2031 చివరిదాకా రక్షణ ఉంటుంది.

థియేటర్లో ఫోన్ ఎత్తి క్లైమాక్స్ తీసి స్టేటస్ పెట్టే కుర్రాళ్ల సంగతి వీటన్నిటికంటే తీవ్రమైనది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ఈ నేరానికి 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. సరిహద్దు దాటి పాతపట్నం వైపు వెళ్లి సినిమా చూసి, ‘ఆంధ్రా రూలు మనకేమిటి’ అనుకుంటూ తిరిగివచ్చేవారు మా ఊళ్లో ఉన్నారు. ఈ రెండూ కేంద్ర చట్టాలే కనుక అవతల ఎంతో ఇవతలా అంతే.

కాబట్టి ఆ 30 సెకన్ల మాటను సవరిస్తూ మీరు ఒక చిన్న వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అలాగే పాటల హక్కులున్న కంపెనీలు ఒక్క పెళ్లి వీడియోలో ఒక పాటను వాడుకుని నెట్లో పెట్టుకోవడానికి ఎంత రుసుము కట్టాలో, ఎవరికి కట్టాలో చిన్న స్టూడియోలకు అర్థమయ్యే తెలుగులో ప్రకటిస్తే, ఆ మొత్తాన్ని బిల్లులో విడిగా రాసి వసూలు చేసి కట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.