పాత హెడర్లతో ఒక ఏడాది: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనిలో ఎక్కువ భాగం పైకి కనబడేది కాదు. మనం నడుపుతున్న ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే వ్యవస్థ) టూల్స్‌ను సెంటోస్ 7 అనే పాత లినక్స్ మీద, దాని పాత హెడర్లతో (కోడ్‌కు కావలసిన నిర్వచనాలుండే ఫైళ్లతో) కూడా బిల్డ్ అయ్యేలా నిలబెట్టాం. 2024 జూన్ 30తో దానికి సపోర్ట్ ఆగిపోయింది కదా, ఇంకా ఎందుకీ తాపత్రయం అని సర్వసభ్య సమావేశంలో అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఒక కాలేజీ ల్యాబ్‌లో డేటా అంతా ఆ మెషీన్ల మీదే, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో ఉంది. కొత్తవి కొనేదాకా వాళ్లను గాలికి వదిలేయలేం.

అక్కడున్నది 3.10 కెర్నెల్ (లినక్స్ గుండెకాయ), 2.17 జీలిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు కెర్నెల్‌ను పిలిచేందుకు వాడే సీ లైబ్రరీ). ఫైల్ వివరాలు అడిగే స్టాట్ఎక్స్ కాల్ కెర్నెల్‌లోకి 4.11తో 2017లో వచ్చింది, జీలిబ్‌సీలోకి 2.28తో 2018లో. మొదట నేనే తొందరపడి, అలాంటివి ఉన్నాయో లేదో వెర్షన్ నంబర్ చూసి తేల్చే కోడ్ రాశాను. అది తప్పు. రెడ్‌హ్యాట్ వాళ్లు పాత నంబర్ అలాగే ఉంచి కొత్త కెర్నెళ్లలోని మార్పులను వెనక్కి తెచ్చి కలుపుతారు. 3.10 అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు.

తర్వాత ఇఫ్‌ఎన్‌డెఫ్ (ఈ పేరు ఇప్పటికే లేకపోతేనే నిర్వచించు అనే షరతు) పెట్టి చూశాం. మాక్రోలకు (కోడ్‌లో ఒక పేరు బదులు వేరే పాఠ్యం పెట్టే నిర్వచనాలకు) అది చాలు. స్ట్రక్చర్లు (కొన్ని ఫీల్డ్‌లను కలిపి కట్టిన డేటా రూపాలు), ఈనమ్‌ల (పేర్లు పెట్టిన సంఖ్యల జాబితాల) దగ్గర పనిచేయదు, ఎందుకంటే కంపైల్‌కు ముందు ఆ షరతులు చూసే ప్రీప్రాసెసర్‌కు అవి కనబడవు. ఫైల్ అదనపు లక్షణాలను మోసే ఎఫ్‌ఎస్‌ఎక్స్‌అట్టర్ స్ట్రక్చర్ దగ్గరే మనకు చాలా ఆదివారాలు పోయాయి. 4.5 కెర్నెల్ నుంచి అది అందరికీ పనికొచ్చే కెర్నెల్ హెడర్‌లో ఉంది. అంతకు ముందు ఎక్స్‌ఎఫ్‌ఎస్ సొంత హెడర్‌లోనే ఉండేది. మనం రాసుకుంటే కొత్త మెషీన్‌లో రెండుసార్లు డిఫైన్ చేశారని కంపైలర్ గోల, రాయకపోతే పాత మెషీన్‌లో అసలు లేదని గోల. పైగా తర్వాత అందులో కౌ (కాపీ-ఆన్-రైట్) ఎక్స్‌టెంట్ సైజు ఫీల్డ్ చేరింది. దాన్ని ఖాళీగా ఉంచిన ప్యాడింగ్‌లోంచి తీసుకున్నారు కాబట్టి మొత్తం 28 బైట్లు మారలేదు. మారి ఉంటే కొంప మునిగేది: ఐఓసీటీఎల్ (కెర్నెల్‌కు పంపే ఆదేశం) నంబర్‌లోనే స్ట్రక్చర్ సైజు ఇమిడి ఉంటుంది, సైజు మారితే పాత కెర్నెల్ ఆ నంబర్‌నే గుర్తుపట్టదు.

చివరికి కుదిరిన పద్ధతి ఇది: బిల్డ్‌కు ముందు కాన్ఫిగర్ దశలో చిటికెడు ప్రోగ్రామ్ కంపైల్ చేసి, కావలసిన ఫీల్డ్ ఉందో లేదో నేరుగా చూడడం, లేకపోతే మన సొంత నిర్వచనం వాడడం. రన్ అయ్యేటప్పటి సంగతి వేరు. పాత హెడర్లతో బిల్డ్ చేసినది కొత్త కెర్నెల్ మీద నడవొచ్చు, కొత్తవాటితో చేసినది పాతదాని మీద నడవొచ్చు. అందుకే కెర్నెల్ ఆ కాల్ తెలియదంటే పాత దారికి మళ్లే కోడ్ కూడా పెట్టాం.

ఇబ్బంది పాతవాటితోనే అనుకోకండి. 2022లో వచ్చిన 2.36 జీలిబ్‌సీలో రెండు మౌంట్ (ఫైల్‌సిస్టమ్‌ను తగిలించే పని) హెడర్లు ఒకదానితో ఒకటి ఢీకొన్నాయి. దాన్ని సరిచేసే ప్యాచ్ చిన్నదే.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. కార్యవర్గంలో మార్పు లేదు. 2.17 జీలిబ్‌సీ మీద ఇంకా ఆధారపడినవారు వచ్చే సమావేశంలోపు కార్యదర్శికి చెప్పండి. ల్యాబ్ మెషీన్లు మారి, ఇంకెవరూ లేరని తేలితే ఆ కోడ్ తీసేస్తాం.

— కార్యదర్శి