మన బస్సుల్లో డ్రైవర్లు మారుతున్నారు, కారణం ఇదీ

అందరికీ నమస్కారం అండి, బస్సుల ఓనర్‌ని రాస్తున్నాను. వచ్చే వారం నుంచి మన స్కూల్ బస్సుల్లోనూ, కంపెనీ స్టాఫ్ బస్సుల్లోనూ కొన్ని రూట్లకు డ్రైవర్లు మారతారు. పాతవాళ్లు మానేయలేదు, వాళ్ల మీద ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు. లైసెన్స్ రెన్యువల్ టైమ్ వచ్చింది, అంతే. కొందరిది దాదాపు ఒకేసారి పడింది కాబట్టి ఒక్కొక్కరినీ వరసగా రెన్యువల్‌కు పంపిస్తున్నాం. ఆ రోజుల్లో స్పేర్ డ్రైవర్ వస్తాడు, అతనికి మీ వీధులు, స్టాపులు అలవాటయ్యేదాకా పొద్దున పూట పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ కావచ్చు.

ఈ మాట చెప్పగానే కొందరు తల్లిదండ్రులు ఫోన్ చేసి, లైసెన్స్ గడువు తీరాక కూడా ఏడాది టైమ్ ఉంటుందట కదండీ, పరీక్షలు అయ్యేదాకా పాత డ్రైవర్‌నే ఉంచండి అన్నారు. పిల్లలు ఆయనకు అలవాటు పడ్డారు, అలా అడగడంలో తప్పేమీ లేదు. అయినా నేను ఉంచను. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఏడాది టైమ్ అనే సంగతిని చాలామంది తప్పుగా అనుకుంటున్నారు, రోజూ స్టీరింగ్ పట్టుకునేవాళ్లు కూడా.

ఆ ఏడాది అప్లై చేసుకోవడానికి ఇచ్చింది, బండి నడపడానికి కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించక ముందు, గడువు తీరినా ఇంకో 30 రోజులు లైసెన్స్ చెల్లేది. ఆ సవరణతో ఆ 30 రోజుల వెసులుబాటు పోయింది. దాని బదులు గడువుకు ఏడాది ముందు నుంచి, గడువు తీరిన ఏడాదిలోపు ఎప్పుడైనా రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు అన్నారు, ఆ ఏడాది కూడా దాటిపోతే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాల్సిందే. కాబట్టి ఎవరైనా గడువు తీరాక రెండు నెలలకు రెన్యువల్ చేయిస్తే అది చేయించిన తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది, వెనక్కి వెళ్లి ఆ రెండు నెలల్ని కలుపుకోదు. ఆ రెండు నెలలు అతను లైసెన్స్ లేకుండా నడిపినట్టే.

ఆ రోజుల్లోనే ఏదైనా జరగరానిది జరిగిందనుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లు ముందుగా చూసేది డ్రైవర్ లైసెన్స్. ఆ తేదీకి అది చెల్లదని తేలితే బండి డ్యామేజీ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది, దెబ్బ తగిలినవాళ్లకు కట్టాల్సిన పరిహారం కూడా ముందు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన కేసులు చాలా ఉన్నాయి. నాలాంటి చిన్న ఓనర్ అంత మొత్తం ఎక్కడి నుంచి తెస్తాడు? అవతలి కుటుంబం కోర్టుల చుట్టూ తిరుగుతూ ఉండాలి. చట్టంలో శిక్ష కూడా ఉంది, నడిపినవాడికి విడిగా, బండి అప్పగించిన ఓనర్‌కు విడిగా, ఇద్దరికీ 3 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. జరిమానా సంగతి అలా ఉంచండి, మీరు పొద్దున్నే పిల్లల్ని మా బస్సెక్కించి చెయ్యి ఊపి వెళ్తారే, ఆ నమ్మకం మీద నేను అంత రిస్క్ చేయలేను.

ఇంకో విషయం, డ్రైవర్ లైసెన్స్ కార్డు మీద తేదీలు రెండుంటాయి. ఒకటి నాన్ ట్రాన్స్‌పోర్ట్‌ది, అంటే సొంత కారు, బైక్‌లకు. రెండోది ట్రాన్స్‌పోర్ట్‌ది, ఇది 5 ఏళ్లకే అయిపోతుంది (2019కి ముందైతే 3 ఏళ్లే). మొదటి తేదీ ఎక్కడో చాలా దూరంలో ఉంటుంది, అది చూసి ఇంకా టైమ్ ఉందిలే అనుకుంటారు. బస్సు నడపడానికి మాత్రం లెక్క రెండోదే. అందుకే మా ఆఫీసు గోడ మీద ప్రతి డ్రైవర్ పేరు పక్కన ఆ ట్రాన్స్‌పోర్ట్ తేదీ ఒక్కటే రాసి పెట్టుకున్నాం.

రెన్యువల్‌లో నాకు బాగా నచ్చేది మెడికల్ సర్టిఫికెట్, ఫారం 1ఏ అంటారు. దీన్ని ఊరికే సంతకం పెట్టించుకునే కాగితంలా చూసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేట్ చదవగలడా, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తోందా, రేచీకటి ఉందా, చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా, ఇవన్నీ డాక్టర్ అందులో రాయాలి. మా దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్న ఒకాయన ఈసారి పరీక్షకు వెళ్లే ముందు, మన షెడ్డు గేటు దగ్గర నిలబడి చివర్న ఆగి ఉన్న బస్సు నంబర్ చదవబోయి రెండు అంకెల దగ్గర ఆగిపోయారు. కళ్లు చిట్లించారు, ఒక అడుగు ముందుకేశారు, నా వైపు చూశారు. ఉద్యోగం పోతుందేమోనని ఆయన టెన్షన్. కళ్లజోడుతో సరిపోయే చూపే అది అని డాక్టర్ చెప్పారు, కళ్లజోడు ఖర్చు మేమే పెట్టుకున్నాం. కొత్త కార్డు రాగానే ఆయన మళ్లీ అదే రూట్‌కు వస్తారు. రెన్యువల్‌కు వెళ్లే రోజుల్లో ఎవరి జీతమూ కోయడం లేదు, మీ నెలవారీ ఫీజూ పెంచడం లేదు.

ఎలాగూ ఈ మాట వచ్చింది కాబట్టి మీ కార్డు కూడా ఒకసారి తీసి చూసుకోండి. పాత నిబంధనలో సొంత బండి లైసెన్స్ 20 ఏళ్లు లేదా 50 ఏళ్ల వయసు, ఏది ముందైతే అదే. 2006లో కాలేజీ రోజుల్లో తీసుకున్నవాళ్లకు 2026లో అయిపోతుంది, చాలామందికి గుర్తే ఉండదు. 40 దాటితే మీకూ ఫారం 1ఏ కావాలి. అప్లై చేసే ముందు లైసెన్స్‌లో మీ అడ్రస్, ఫోన్ నంబర్ ఇప్పటివేనా అని చూసుకోండి, కొత్త కార్డు పోస్టులో పాత ఇంటికి పోతే దాని కోసం తిరగడం పెద్ద పని.

ఏ రూట్‌కు ఏ రోజు ఎవరు వస్తున్నారో ముందు రోజు సాయంత్రమే మెసేజ్ పెడతాం, ఫోటోతో సహా. కొత్త మనిషిని చూసి పిల్లలు బెదురుతారనుకుంటే మొదటి రోజు స్టాప్ దాకా వచ్చి ఆయనతో ఒక మాట మాట్లాడండి, లైసెన్స్ చూపించమని అడగండి. అడిగితే చూపించాలని డ్రైవర్లందరికీ చెప్పే ఉంచాను.