చెక్కుడు పని దాచి అమ్మిన నీరో సెస్టెర్షియస్‌పై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

విషయం: వర్ణనకు సరిపోని రోమన్ నాణెం, పూర్తి సొమ్ము వాపసు గురించి.

ఆర్యా,

మీ అమ్మకపు జాబితాలో చూసి, నీరో చక్రవర్తి కాలపు సెస్టెర్షియస్ (రోమన్ల పెద్ద ఇత్తడి నాణెం) ఒకటి 640 పౌండ్లకు కొన్నాను. సుమారు క్రీ.శ. 65లో లుగ్డునమ్ టంకశాలలో, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ముద్రించిన ఈ నాణెం వెనుక వైపు తలుపులు మూసి ఉన్న జానస్ (రోమన్ల ద్వారాల దేవుడు) ఆలయం ఉంటుంది. వర్ణనలో మీరు "సహజమైన ఆకుపచ్చ చిలుము, ఎవరూ చెయ్యి పెట్టనిది" అని రాశారు. ఆ మాట నమ్మే అంత ధర పెట్టాను.

నాణెం నకిలీదని నేను అనడం లేదు. ముందు వైపు నీరో బొమ్మ మెడ కింద లుగ్డునమ్ గుర్తు అయిన చిన్న గోళం ఉంది, బరువు 25 గ్రాములకు దగ్గరగా ఉంది, అంచు చుట్టూ పోత గీత ఏదీ లేదు. నా అభ్యంతరమంతా దాని మీద ఈ కాలంలో జరిగిన చెక్కుడు పని, అంటే అరిగిన గీతలను ఉలితో మళ్లీ గీయడం గురించి. భూతద్దం కింద చూస్తే ఆలయపు రాతి వరుసలు, తలుపు మీది పూలదండ అచ్చు దెబ్బకు లేచిన లోహంలా గుండ్రంగా లేవు. సన్నని ఉలితో గీసినట్టు నిటారు అంచులతో ఉన్నాయి. అనుమానంతో, అంచు దగ్గర అసిటోన్ తడిపిన దూదితో మెల్లగా తుడిచాను. నేలలో శతాబ్దాల పాటు పేరుకున్న చిలుము అసిటోన్‌కు కరగదు. ఇక్కడ మాత్రం దూదికి ఆకుపచ్చ రంగు అంటుకుంది. దాని కింద మెరిసే పసుపు గీతలు, ఒకచోట లేత ఆకుపచ్చ పొడి బయటపడ్డాయి. ఆ పొడి బ్రాంజ్ డిసీజ్ లక్షణం. లోహంలో చేరిన క్లోరైడ్లు గాలిలోని తేమతో కలిసి నాణేన్ని లోపలి నుంచి తినేస్తాయి. రంగు పూయడం వల్ల ఆ జబ్బు నాకు కనబడకుండా పోయింది.

రోమన్ ప్రజలకు నేల మీద, సముద్రం మీద శాంతి సాధించి నీరో జానస్ ఆలయాన్ని మూశాడన్న ప్రకటన ఆ నాణెం మీది అక్షరాల్లో ఉంది. వాటిలో సగం ఇవాళ ఎవరో తిరగగీసినవైతే, నేను చదువుతున్నది రోమన్ టంకశాల రాతా, గీసిన వాడి ఊహా అన్నది ఇక తేల్చుకోలేను. ఇలాంటి నాణేలు సేకరించే నాకు అరిగిన అక్షరమైనా అసలుదే కావాలి. మరొక పొరపాటు: మీరు దీన్ని రాగి నాణెమని రాశారు. సెస్టెర్షియస్ రాగి, జింకు కలిసిన ఇత్తడి. రాగితో ముద్రించినది ఆస్ అనే చిన్న నాణెం.

నాణెం అందిన తొమ్మిదో రోజునే మీకు ఫోటోలతో రాశాను. "శుభ్రం చేసిన నాణేన్ని వెనక్కి తీసుకోము" అని మీరు జవాబిచ్చారు. నేను తుడిచింది మీరు చెప్పకుండా ఉంచిన రంగును మాత్రమే. వర్ణనకు సరిపోని సరుకును 30 రోజుల లోపు తిరస్కరించే హక్కు 2015 నాటి బ్రిటన్ వినియోగదారుల హక్కుల చట్టం నాకిచ్చింది; నేను ఆ గడువులోనే ఉన్నాను.

కాబట్టి 640 పౌండ్లు, తిరుగు తపాలా ఖర్చు 14 రోజుల లోపు చెల్లించాలని కోరుతున్నాను. నాణేన్ని తిరిగి అమ్మకానికి పెడితే చెక్కుడు పని, పూసిన రంగు, బ్రాంజ్ డిసీజ్ మూడింటినీ వర్ణనలో స్పష్టంగా రాయండి. అంతవరకు దాన్ని తేమ తగలని డబ్బాలో, మిగతా నాణేలకు దూరంగా ఉంచుతాను.

ఇట్లు,
మీ ఖాతాదారుడు